తలుపుకి బీగం లేదు

కాదమ్మా, కరెంటు వల్ల కాదు, ఎన్నిసార్లు చెప్పాలి నీకు. ఆ రోజు పొద్దున్నుంచీ ఆ ఊళ్ళో కరెంటే లేదు. ఫోనులో చార్జింగు అయిపోతోందని ఇంటింటికీ తిరిగి విసుక్కున్నది నేనే. కరెంటు లేని తీగ నుంచి నిప్పు ఎలా రాలిందో పోలీసులు చెప్పలేదు, మా అమ్మా చెప్పదు. ఆమెది ఒకటే మాట: "ఆ వీడియో అప్పుడే తీసేసుంటే మీ అక్క బతుకు ఇట్లయ్యేదా?" బెంగళూరులో మా వంటింట్లో ఈ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. గొంతు చించుకోవడం నాకూ విసుగొచ్చింది. అందుకని రాస్తున్నాను.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. గార్లదిన్నె దాటి కంకర రోడ్డు మీద లోపలికి పోతే వస్తుంది వాళ్ళ ఊరు. పెద్దమ్మ ఇల్లూ అదే ఊళ్ళో, రెండు సందుల అవతల. అక్కది మట్టిగోడల కొట్టం, పైన బోదగడ్డి కప్పు. వెనక గోడకి ఆనించి శనక్కాయ కట్టె వామి వేసుకుంది, ఎనుములకి ఎండాకాలం మేత. బావ లారీ డ్రైవరు, పోతే వారాలకి గానీ రాడు. ఇంట్లో అక్క, మూడేళ్ళ పాప. పాప నన్ను "చిన్నమ్మా" అని పిలిచేది గానీ, నిజానికి ఆమెకి ప్రేమ నా మీద కాదు, నా ఫోను మీద.

అంతకుముందే ఊళ్ళో ఒక తగాదా ఉంది. ఊళ్ళోవాళ్ళు అక్క చేనులోంచి ట్రాక్టర్లు తోలేవాళ్ళు. పైరు తొక్కుతున్నారని అక్క ఆ దారికి అడ్డంగా ముళ్ళకంప కొట్టించింది. పంచాయతీ పెడితే గుంపులోంచి ఎవరో అన్నారట, "వామిలో అగ్గి పడితే తెలుస్తాది దారి విలువ" అని. ఎవరన్నారో అక్క చూడలేదు. చూసినవాళ్ళు ఉండే ఉంటారు. చెప్పినవాళ్ళు లేరు.

నేను ఉద్యోగంలో గొడవ పెట్టుకుని, నాలుగు రోజులుందామని వెళ్ళాను. ఆ మధ్యాహ్నం సంగటి తిని పాప నిద్రపోయింది. నీళ్ళ ట్యాంకరు హారను కొట్టింది. బోర్లన్నీ ఎండిపోయాయి, ఆ హారను వినబడితే ఊరంతా పరుగే. నేను ఎప్పట్లాగే వీడియో తీస్తున్నాను, బెంగళూరు స్నేహితులకి పల్లెటూరు చూపిద్దామని. దుప్పట్లోంచి బయటికొచ్చిన పాప కాలు, వెండి పట్టీ. తర్వాత అక్క బిందెలతో బయటికి వచ్చి, తలుపు లాగి గొళ్ళెం పెట్టడం.

"బీగం వెయ్యవా?" అన్నాను.

"లోపల బిడ్డ ఉంటే బీగమేస్తారామ్మే ఎవురన్నా? గొళ్ళెం చాల్లే. అది గుడ లేకుంటే, లేచి నీళ్ళ తొట్టి కాడికి పోతాది."

ఇదంతా వీడియోలో ఉంది.

ట్యాంకరు దగ్గర ఆడవాళ్ళకి నేను దొరికాను. "ఏమ్మే బెంగళూరు, బిందె యాడ పట్టుకోవాల్నో ఫోన్లో చూసుకుంటాండావా?" అని ఒకావిడ. "నీళ్ళు గుడ ఫోన్లోనే పట్టుకుంటాది లే" అని ఇంకొకావిడ. నాకు మండింది. ఏదో అనబోయాను. అప్పుడే వరుసలో ఒక అవ్వ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఏందే ఆ పొగ?"

అక్క బిందె పడేసిన చప్పుడు నాకు గుర్తుంది. ఆమె పొగ వైపు చూడనైనా లేదు, పరిగెత్తింది.

ఎండిన శనక్కాయ కట్టె, పైన ఆ గాలి. మేం పోయేసరికి వామి మొత్తం మండుతోంది, కప్పు అంటుకుంది. ఎవరో గొళ్ళెం లాగారు. తలుపు తెరుచుకోవడం, కప్పు కూలడం ఒకేసారి అయ్యాయి. డ్రైవరు ట్యాంకరుని తోలుకొచ్చాడు పాపం, సందు ఇరుకు. అన్ని నీళ్ళూ సందు మొదట్లోనే నిలబడిపోయాయి. ఆ తర్వాతది రాయను.

పోలీసులు వచ్చేలోపే పెద్దమ్మ అందరికీ ఒక మాట నేర్పింది. "తలుపు దగ్గరికేసుండె సారూ, గొళ్ళెం లేదు." అడిగినవాళ్ళంతా అదే అన్నారు. నేను నోరు తెరిస్తే పెద్దమ్మ నా జబ్బ పట్టుకుని గట్టిగా గిల్లింది. కానిస్టేబులు కాలిన తీగని కర్రతో కదిపి, కరెంటు అన్నాడు.

"పొద్దున్నుంచీ కరెంటు లేదు సార్."

"మధ్యలో వచ్చి పోయుంటాది. నువ్వు ఈ ఊరేనా పాపా?"

మర్నాడు పెద్దమ్మ ఇంట్లో కూర్చున్నాం. బావ వచ్చి గడప దగ్గర తల వంచుకుని ఉన్నాడు. వీడియో సంగతి చెప్పగానే పెద్దమ్మ నా ఫోను లాక్కోబోయింది.

"తీసెయ్యి ఆ వీడియో. దీని అత్త చూసిందంటే నా కూతుర్ని గడప తొక్కనీదు. తల్లే గొళ్ళెం పెట్టి కాల్చిందంటారు."

"గొళ్ళెమే మనకి సాక్ష్యం పెద్దమ్మా. నిప్పు పెట్టినోడు దాన్ని చూసి ఇంట్లో ఎవరూ లేరనుకున్నాడు. వామి ఒక్కటే కాలుద్దామనుకుని ఉంటాడు."

"సాక్ష్యమంట. మీ బెంగళూరులో పెట్టుకో నీ సాక్ష్యం."

అక్క గోడకి ఆనుకునే చెయ్యి చాపింది. "ఫోను ఇయ్యి."

ఇచ్చాను. చూసింది. పట్టీ దగ్గర ఆపి, వెనక్కి జరుపుకుని మళ్ళీ చూసింది. బీగమేస్తారామ్మే ఎవురన్నా అన్న తన గొంతు తనే విని ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వన్నట్ల కాదు. ఈ ఊరోడైతే ఇల్లు ఖాళీ అనుకోడు. బీగముంటే ఖాళీ. వట్టి గొళ్ళెమే ఉంటే లోపల బిడ్డో ముసలోళ్ళో ఉండారని. పసిపిల్లోళ్ళకు గుడ తెలుసు ఈడ."

పెద్దమ్మ లేచి వీధి తలుపు మూసి వచ్చింది. అప్పుడర్థమైంది నాకు. గొళ్ళెం లేదని చెప్పినవాళ్ళందరూ జాలితోనే చెప్పలేదు. గొళ్ళెం ఉందంటే, బయటివాడెవడో తెలియక అంటించాడనాలి. కాదంటే, తెలిసే అంటించిన మనిషి వాళ్ళ మధ్యే తిరుగుతున్నాడనాలి. బయటివాళ్ళెవరూ ఆ రోజు రాలేదు, ట్యాంకరు డ్రైవరు తప్ప. వాడు మా ముందే ఉన్నాడు.

"తెలిసి ఏం చేస్తావే?" పెద్దమ్మ గొంతు తగ్గించింది. "ఈ ఊర్లోనే బతకల్ల మనం."

"గొళ్ళెం ఏసింది నేనే. ఏమంటారో అననీ. అగ్గి పెట్టింది నేను కాదు గదా." అక్క లేచింది. బావ వైపు చూసింది. బావ చెప్పులేసుకున్నాడు.

స్టేషన్లో ఎస్సై వీడియో మొత్తం చూశాడు. గొళ్ళెం దగ్గర ఆపాడు.

"తల్లివి నువ్వే గొళ్ళెం పెట్టి పోతివి. ఇంక ఎవుర్ని అడగమంటావమ్మా?"

నేను ఆగలేకపోయాను. "ట్యాంకరు దగ్గర లేనివాళ్ళెవరో అడగండి సార్. దారి గొడవలో ఎవరేమన్నారో అడగండి."

"గొంతు తగ్గించు పాపా."

అక్క మాత్రం మామూలు గొంతుతోనే చెప్పింది. "బీగం లేదు సారూ. అది రాసుకోండి."

రాసుకున్నాడో లేదో తెలియదు. వీడియో ఎక్కించుకున్నారు, మమ్మల్ని పంపించేశారు. మళ్ళీ పిలవలేదు. గొళ్ళెం సంగతి మాత్రం మాకంటే ముందే అత్తగారింటికి చేరింది. ఇప్పుడు అక్క పెద్దమ్మ దగ్గరే ఉంటోంది. బావ వచ్చి పోతుంటాడు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెని చూస్తే మాట ఆపేస్తారు. ఇదంతా నా ఫోను వల్లేనని మా అమ్మ అంటుంది. చుట్టాలంతా అంటారు.

పోయిన నెల వెళ్ళాను. ట్యాంకరు హారను కొట్టింది. నేను ఈసారి వీడియో తీయలేదు, ఊరికే చూస్తూ నిలబడ్డాను. ప్రతి తలుపుకీ కొత్త బీగం. ఆడవాళ్ళు ఒక చంకలో బిందె, ఇంకో చంకలో బిడ్డ. నడవలేని ముసలమ్మని సైతం మంచంతో సహా ట్యాంకరు దగ్గరికి మోసుకొచ్చారు. పైన మాత్రం ఇంటింటికీ ఆ అతుకుల తీగలే వేలాడుతున్నాయి. ఒక్కటీ మార్చలేదు. నిజంగా కరెంటుకే భయపడిన ఊరైతే ముందు తీగలు మార్చుకోదా? ఇది తెలిసి కూడా, అక్క ఆ వీడియో చెరిపేసి నోరు మూసుకుని ఉండాల్సిందని నా ముందుకొచ్చి అనగలరా మీరు?