లెన్సులో నాగావళి ఇసుక

ఒడిశాలో, రాయగడ స్టేషన్ రోడ్డులో మన్మథరావుకి ఫోటో స్టూడియో ఉంది. జేకేపూర్ కాగితం మిల్లు కాలనీలో తెలుగువాళ్ళింట పెళ్ళంటే ముందు పురోహితుడికి, ఆ తర్వాత మన్మథరావుకి కబురు వెళ్ళేది. తండ్రి పాలకొండ పక్క పల్లె నుంచి మిల్లులో ఫిట్టరు పనికి వచ్చాడు. కొడుక్కి మిషన్ల మోత పడలేదు. కెమెరా పట్టుకున్నాడు.

ఆయన గొప్ప కళాకారుడని ఎవరూ అనలేదు, ఆయనా అనుకోలేదు. ఆయనకున్న పేరు ఒకటే. మన్మథరావు చేతిలో జీలకర్ర-బెల్లం తప్పిపోదు. మధ్యలో తెర దిగుతుంది, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకరి తలమీద ఒకరు చెయ్యి పెడతారు, మొదటిసారి కళ్ళెత్తి చూసుకుంటారు. ఆ చూపు ఆయన కెమెరాలో పడి తీరేది. మిగతా ఫోటోలు అంతంతమాత్రంగా ఉన్నా జనం సర్దుకునేవారు.

ఆ పేరులో సగం ఒక లెన్సుది. విశాఖపట్నంలో సెకండ్ హ్యాండులో కొన్నాడు. దూరం నుంచి దగ్గరికి ఒక్క తిప్పులో వచ్చే జూమ్ లెన్సు. దాని అద్దాన్ని ఆయన గుడ్డతో తుడిచింది చాలా తక్కువ. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టాలి, తర్వాత కుంచెతో దులపాలి, అప్పటికీ పోకపోతేనే గుడ్డ. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోకముందే లెన్సు బీరువాలో పెట్టేవాడు. "నన్నూ అలా ఎక్కడైనా దాసుకోరాదేటండీ" అని పెళ్ళాం రోజారమణి ఎగతాళి చేసేది.

గిరీష్ ఆమె తమ్ముడు. వాళ్ళింట్లోనే పెరిగి, బావ దగ్గరే కెమెరా నేర్చుకున్నాడు. ఇప్పుడు పెళ్ళికి ముందు జంటల్ని కొండలమీదికీ నదిలోకీ తీసుకెళ్ళి వీడియోలు తీస్తున్నాడు. నాగావళి ఇసుకలో ఒక జంటను తియ్యాలి, లెన్సు కావాలన్నాడు. మన్మథరావు కాదన్నాడు. రోజారమణి మొగుడితో మాట మానేసింది. అన్నం వడ్డించి కంచం ముందుకి నెట్టి వెళ్ళిపోయేది. చివరికి ఆయనే బీరువా తీశాడు.

"ఇసకలో కింద పెట్టకురా. నదిలో గాలుంటాది."

"నాకు సెప్తావేటి బావా" అని నవ్వాడు గిరీష్.

లెన్సు తిరిగొచ్చిన రోజు మన్మథరావు గుణుపూర్‌లో ఉన్నాడు. గిరీష్ దాన్ని అక్క చేతికిచ్చి వెళ్ళాడట. మన్మథరావు రెండ్రోజులకి తిరిగి వచ్చేసరికి బీరువాలో, దాని సంచిలో, దాని చోటే ఉంది.

ఆ మధ్యాహ్నమే అన్నంలో ఇసుక తగిలింది. షుగరు వచ్చినప్పటి నుంచి ఆయనకి దంపుడు బియ్యమే. సాహు కొట్లోంచి తెచ్చుకుంటారు. మొదటి ముద్దలోనే పళ్ళ మధ్య కరుక్కుమంది.

"ఇదేటి, కడగలేదా?"

"నాలుగు నీళ్ళు పోసేను. ఆ సాహు కొట్టే అంత. ఎల్లి ఆడ్నడగండి" అంది రోజారమణి మొహం తిప్పుకుని.

ఆయన నిజంగానే వెళ్ళాడు. "భాయినా, చావుళొ బిక్కుచొ నా బాలి?" అన్నాడు ఒడియాలో. బియ్యం అమ్ముతున్నావా, ఇసుకా అని. కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. సాహు నవ్వలేదు. బస్తాలోంచి గుప్పెడు తీసి చేటలో పోసి చెరిగి చూపించాడు. తవుడు రాలింది గాని ఇసుక లేదు. మన్మథరావు అయినా ఏదో గొణుక్కుంటూ వచ్చేశాడు.

హరిప్రియ పెళ్ళికి ముందురోజు లెన్సు బయటికి తీశాడు. హరిప్రియ బాపిరాజు కూతురు. బాపిరాజు మిల్లులో ఆయన తండ్రి దగ్గర పని నేర్చినవాడు. బాపిరాజు పెళ్ళి ఫోటోలు తీసిందీ మన్మథరావే. జూమ్ తిప్పబోతే వేళ్ళకి ఏదో తెలిసింది. చప్పుడు కాదు, గరుకు. లెన్సు బోర్లించి గాలి కొడితే కింద పరిచిన పేపరు మీద రెండు మూడు ఇసుక రేణువులు పడ్డాయి.

గిరీష్‌కి ఫోన్ చేశాడు. "ఒరే, ఇసకలో పడిందేటి?"

"నా సేతిలోంచి దిగితే గదా బావా పడ్డానికి? గాలికి ఏ రెండు రేణువులో అంటుకునుంటాయి."

పక్కనే కూర ముక్కలు కోస్తున్న పెళ్ళాన్ని అడిగాడు. "నీకెలా ఇచ్చేడు?"

"ఎలా ఇత్తాడు? పొడిగా, శుభ్రంగా ఇచ్చేడు. మా తమ్ముడి మీదొట్టు. ఆడంటే మీకెందుకంత అనుమానం?"

మళ్ళీ తిప్పి చూశాడు. తిరిగింది. నీళ్ళలో పడిన లెన్సుని ఆయన పెళ్ళికి తీసుకెళ్ళడు. పైపైన ఇసుక పడినదైతే, గాలి కొట్టాక తీసుకెళ్ళొచ్చు. ఒట్టు వేసింది కదా. తీసుకెళ్ళాడు.

కాలనీ కళ్యాణమండపంలో పొద్దుటి ముహూర్తం. మండపంలో అందరూ నిలబడి ఉన్నది, పురోహితుడు తెరని వేళ్ళతో పట్టుకున్నది దూరం నుంచి చక్కగా పడింది. తెర దిగింది. మన్మథరావు హరిప్రియ మొహం దగ్గరికి రావడానికి జూమ్ తిప్పాడు. సగంలో పట్టేసింది. లోపల ఫోకస్ కుయ్ కుయ్ మంటూ ముందుకీ వెనక్కీ వెతుక్కుంది. కెమెరాలో హరిప్రియ మొహం లేదు, ఎర్రగా పచ్చగా ఏదో మసక. బలంగా తిప్పాడు. కదల్లేదు. సంచిలోంచి ఇంకో లెన్సు తీసి బిగించేసరికి జంట చేతులు తలలమీంచి దిగిపోయాయి. పిల్ల తల వంచేసుకుంది.

"మళ్ళీ ఒకసారి పెట్టించండి బాబూ" అన్నాడు పురోహితుడితో. ముప్పయ్యేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. పురోహితుడు కళ్ళద్దాల మీదుగా చూశాడు. "ముహూర్తం మళ్ళీ వత్తాదేటయ్యా?"

బాపిరాజు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు. "ఏటి మన్మథం, సెయ్యి వణుకుతుందేటి?" కోపంగా కాదు, జాలిగా అన్నాడు.

అప్పుడే వెనక నుంచి గిరీష్ గొంతు, బాపిరాజుతో. "కంగారు పడకు మావా, నా ఫోన్‌లో పడింది. చూడు, అమ్మి ఎలా చూసిందో." ఆడవాళ్ళంతా ఆ ఫోన్ చుట్టూ మూగారు. మన్మథరావుకీ చూపించారు. హరిప్రియ కళ్ళెత్తి చూస్తోంది. బాగా వచ్చింది. బాగా రాలేదని అనడానికి ఏమీ దొరకలేదు.

పెళ్ళి నుంచి తిన్నగా స్టూడియోకి వెళ్ళి, తలుపు వేసుకుని, లెన్సు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఊడదీశాడు. కింద గాడిలో ఇసుక. రెండు మూడు రేణువులు కాదు, నీళ్ళు ఇంకిపోయాక మిగిలే ఒండులా వరసగా ఉంది. ఇసుకతోపాటు గోధుమరంగు పొడి, తడికి ముద్దయి ఎండి గట్టిపడింది. గోటితో గీకి వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు.

తవుడు.

ఫోన్ నీళ్ళలో పడితే కాలనీలో అందరూ చేసే పనే. తడి లాగుతుందని బియ్యం డబ్బాలో పూడుస్తారు. ఇసుక నదిలోది, అది గిరీష్ తెచ్చాడు. తవుడు మాత్రం తన ఇంటి బియ్యం డబ్బాది.

ఆయన పట్టీ మళ్ళీ వెయ్యలేదు. లెన్సుని అలాగే బల్లమీద వదిలేసి ఇంటికి వెళ్ళాడు.

కంచం పెట్టి ఉంది. కబురు ఆయనకంటే ముందే వచ్చినట్టుంది. రోజారమణి గొంతు మెత్తగా ఉంది. "పోనీలెండి. వయసు మీద పడతాది కదా. ఇకమీద ముహూర్తం పన్లు తమ్ముడికి ఒప్పజెప్పండి. మీరు కుర్సీలో కూకుని పోజులు సెప్పండి."

మన్మథరావు ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. కరుక్కుమంది. ఆయన ఆగలేదు, నములుతూనే ఉన్నాడు. ఆ చప్పుడు ఆమెకీ వినబడింది.

"రాయా?" అంది.

ఆయన మింగి, నీళ్ళు తాగాడు.

"రేపు సాహు కొట్టుకెళ్ళాల" అన్నాడు. "ఆడికి సారీ సెప్పాల."

రోజారమణి చేతిలో గరిటె గిన్నె మీదే ఆగింది. ఆయన తలెత్తకుండా ఇంకో ముద్ద కలుపుకున్నాడు.