మూడు రంగులూ ఒకే బేసిన్‌లో

దగ్గరికి జరిగి కూర్చోండి, చేతిలో చాయ్ ఉంటే ఉండనివ్వండి. ఈ ముచ్చట చాయ్‌తోనే మొదలైంది. పొద్దున మా మనవరాలు పాలు పోసిన చాయ్ ముందు పెట్టుకుని, "నానమ్మా, పాలు తీసెయ్, నాకు నల్ల చాయే కావాలె" అని మొండికేసింది. మడికొండలో నా చిన్ననాటి ఇంటి వాకిలి, అక్కడి బురద రంగు బేసిన్ గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు.

డెబ్బైల నాటి మాట. నాకు పదేళ్లు. సద్దుల బతుకమ్మను ఆ ఏడు చెరువుదాకా నన్నే మోయనిస్తానని మా నాయనమ్మ మాటిచ్చింది. తెల్ల గునుగు పూలకు రంగులద్దే పనీ నాకే అప్పజెప్పింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు గిన్నెల్లో కలిపిపెట్టి, ఒక్కో కట్టనూ ఒక్కో గిన్నెలో ముంచి ఆరబెట్టమంది. మధ్యాహ్నం దాకా పట్టే పని. నాకేమో ఆత్రం. మూడూ ఒకే బేసిన్‌లో ఒంపితే ఒక్కసారి ముంచగానే మూడు రంగులూ అంటుతాయి కదా అనుకుని ఒంపేశాను. పైకి తీసిన కట్టలు వానాకాలపు బర్రె తోకల్లా ఉన్నాయి.

నాయనమ్మ చూడకముందే రంగులు విడదీయమని, హనుమకొండ కాలేజీలో సైన్సు చదివే మా చిన్నాయనను బతిమాలాను. ఆయన బేసిన్‌లోకి తొంగిచూశాడు. "కలుపుడు అల్కనే బిడ్డా, ఇడదీసుడే కష్టం. లోకమంత గిట్లనే. మొట్టమొదట్ల అంత ఒక తీరుగ సర్ది ఉండెనట, అప్పటిసంది చెదురుకుంటనే పోతాంది" అని పాఠం ఎత్తుకున్నాడు. ఆయన వెనకే వాళ్ల అవ్వ, అంటే మా నాయనమ్మ, వచ్చి నిలబడింది.

"మరి మొదలు సర్దిందెవలురా?" అంది.

"గది ఎవ్వలకు ఎరుకలేదే అవ్వా. పెద్ద పెద్ద సదువులోళ్లకే తెల్వది."

"ఎట్ల తెలుస్తది! ఎవతో పొద్దుగాలనే లేసి, ఊడ్సి సర్ది పోయుంటది. మీరు లేసినంక చెదరగొట్టుడేనాయె."

ఇక బతుకమ్మను నన్ను మోయనివ్వదనుకున్నాను. నాయనమ్మ ఆ కట్టలను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏం ఫికర్ లేదు. మట్టి మీదనే గద పూలు పూసేది," అని వాటిని అడుగు వరుసకు తీసిపెట్టి, "నీ శాస్త్రం సాలుగని, జర తంగేడు తే పో" అని చిన్నాయనను సైకిలెక్కించి తరిమింది. పైన తంగేడు పసుపుపచ్చగా లేచేసరికి, ఆ అడుగు వరుస కావాలని పేర్చినట్టే ఉంది.

సాయంత్రం నేనే మోశాను. మెడ విరిగినంత పనైంది, అయినా ఎవరికీ ఇవ్వలేదు. నీళ్లలో వదిలాక వరుసలు విడిపోయి పూలన్నీ కలగలిసిపోతుంటే నాకు ఏడుపొచ్చింది. చిన్నాయన ఏదో చెప్పబోయాడు. నాయనమ్మ ఒక్క చూపు చూసింది. "వచ్చే ఏడు మళ్ల పేర్సుకుందాం, నడువుండ్రి" అంది.

ఈ పొద్దున చాయ్‌లో పాలు నేనూ తీయలేకపోయాను. లేచి, నల్ల చాయ్ కొత్తగా పెట్టాను. పోయిన పొద్దు తిరిగి రాదు గానీ, పొయ్యి వెలిగించుకోవడానికి ఇంకో పొద్దు వస్తూనే ఉంది. మీ ఇంట్లో అందరికన్నా ముందు లేచి సర్దే చేతులు చల్లగా ఉండాలి. అట్లా సర్దిందెవరో మీకు యాదిలో ఉండాలి.