మారు అడిగే వేళ్ళు

మా ఇంట్లో మారు అడగడం అనే అలవాటు లేదు. విస్తట్లో మొదట వడ్డించింది తిన్నాక, పెట్టేవాళ్ళు వచ్చి బలవంతం చేస్తేనే రెండోసారి వేయించుకోవాలి. బలవంతం చెయ్యకపోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, చాలని చెప్పి లేచిపోవాలి. ఆకలి తీరిందో లేదో లేచిన మనిషికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. మా తాతగారి కాలంలో ఈ నియమం పాటించడం కష్టం కాదు. రెండు పూటలా పాతికమంది భోంచేసే ఇల్లు. అడగకముందే గరిటె వచ్చేది. మా నాన్నగారి కాలంలో గరిటె ఆలస్యం కావడం మొదలైంది. నాకు ఊహ తెలిసేసరికి భూములు పోయాయి, ఇల్లు పోయింది, నియమం మిగిలింది. పెళ్ళి భోజనాల్లో మా అమ్మ దూరం నుంచి నా విస్తరి కేసే చూస్తూ ఉండేది. చాలాసార్లు సగం కడుపుతో లేచాను. ఎవరినీ ఏదీ అడగకుండా అరవై ఆరేళ్ళు గడిపానని నాకు గర్వంగానే ఉండేది.

మా పాత ఇంటి స్థలంలో ఇప్పుడు ఎరువుల దుకాణం ఉంది. దానికి రెండు వీధుల అవతల, ఒక మేడ మీద అద్దెకుంటున్నాం. నేను, మా అబ్బాయి, కోడలు, మనవరాలు. నా భార్య పోయి ఆరేళ్ళయింది. అబ్బాయిది పరవాడ వైపు మందుల కంపెనీలో షిఫ్టుల ఉద్యోగం. ఇంట్లో ఉన్నా నిద్రపోతూ ఉంటాడు. కోడలిది దేవరాపల్లి. రోలుగుంట దగ్గర బడిలో టీచరు.

పాపకి పదకొండో నెల నడుస్తుండగా కోడలి సెలవు ముగియవచ్చింది. పగలు పిల్లను ఎవరు చూడాలి? సోమవారం నుంచి శనివారం దాకా దేవరాపల్లిలో వాళ్ళ అమ్మ దగ్గర ఉంచి, ఆదివారం తెచ్చుకుందామన్నది ఒక ఆలోచన. నేను చూస్తానన్నాను. ఇస్తాననడం మా ఇంట్లో ఎప్పుడూ తప్పు కాదు.

కోడలు గడువు పెట్టింది. “సరే మామయ్యగారూ, ఒక్క నెల చూద్దాం. పాప బాగా తింటే మీ దగ్గరే ఉంటాది. తినకపోతే మాత్రం మా అమ్మ దగ్గరికి పంపేస్తాను. ఇంకోటి, మీరు సైగలు నేర్చుకోవాలి.”

“సైగలేమిటి?”

వాళ్ళ బడిలో, చెవులు వినిపించని పిల్లలకు పాఠం చెప్పే టీచరు ఒకావిడ ఉంది. చంటిపిల్లలకు నోరు తిరగకముందే చేతులు తిరుగుతాయని, నాలుగు సైగలు నేర్పితే ఏడ్చి చెప్పే బదులు చేత్తో చెబుతారని ఆవిడ కోడలితో అన్నదట. ఎనిమిదో నెల నుంచే కోడలు పాపకి నేర్పుతోంది. అదంతా ఏదో ఆట అనుకున్నాను.

“మన పిల్లకి చెవులు బాగానే వినిపిస్తున్నాయి. మూగసైగలు అలవాటు చేస్తే ఇక మాటలెందుకు వస్తాయి?” అన్నాను.

“మాట అంటూనే సైగ చెయ్యాలి మామయ్యగారూ. మాట మానెయ్యమని కాదు. మీరు ‘పాలు’ అనండి, చెయ్యీ చూపించండి.”

మా తాతగారు వేలు కదిపితే నలుగురు పరిగెత్తుకుని వచ్చేవారని విన్నాను. ఇప్పుడు చంటిపిల్ల వేలు కదిపితే నేను పరిగెత్తాలి. ఆ మాట పైకి అనలేదు. నెల రోజుల గడువు గుర్తొచ్చి, కుర్చీ లాక్కుని కోడలి ఎదురుగా కూర్చున్నాను.

పాత క్యాలెండరు కాగితం వెనక ఆరు మాటలు రాసి గోడకి అంటించింది. పాలకి పిడికిలి మూసి తెరవాలి. నీళ్ళకి మూడు వేళ్ళు గడ్డానికి తాకించాలి. అన్నానికి వేళ్ళు నోటి దగ్గరికి తీసుకెళ్ళాలి. నొప్పికి రెండు చూపుడు వేళ్ళూ ఒకదానికొకటి ఎదురుగా పెట్టి పొడవాలి. అయిపోయిందనడానికి రెండు అరచేతులూ తిప్పి చూపాలి. ఇంకా కావాలనడానికి రెండు చేతుల వేళ్ళ కొసలూ దగ్గరగా ముడిచి, ఒకదానికొకటి టకటకా తాకించాలి. ముప్పై ఏళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసులో కలం పట్టిన వేళ్ళు నావి. కలం లేకుండా ఏం చెయ్యాలో వాటికి తెలియలేదు.

మా ఇంట్లో అంట్లు తోమే ముసలమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడి చూసింది. వాళ్ళ అమ్మ మా పాత ఇంట్లో పనిచేసింది. ఆ చనువు ఎక్కువ. పాపని ‘గుంట’ అనే పిలుస్తుంది.

“ఏటి బాబూ ఆ ఏళ్ళు! కర్రముక్కల్లాగున్నాయి. గుంట జడుసుకుంటాది.”

“నీ పని నువ్వు చూసుకో.”

“పాలకైతే అలాక్కాదు బాబూ. ఆవుని పితికినట్టు చెయ్యండి. ఇదిగో, ఇలాగ.” చీపురు కింద పడేసి చేసి చూపించింది. పాప ముసలమ్మ చేతిని చూసి కిలకిలా నవ్వి, తన పిడికిలి మూసి తెరిచింది. ఆ ఇంట్లో సైగలు రానివాణ్ణి నేనొక్కణ్ణే అని అప్పుడు అర్థమైంది.

కోడలు బడిలో చేరే ముందు రోజు అసలు సంగతి చెప్పింది. “ఒక్కటి గుర్తుంచుకోండి మామయ్యగారూ. పాప సైగ చేసిన వెంటనే ఇవ్వాలి. వంకరగా చేసినా సరే. ఇవ్వకపోతే, చెయ్యి చూపించి లాభం లేదనుకుని మానేస్తాది. మా టీచరు మరీ మరీ చెప్పింది.”

తల ఊపాను.

ఆ రోజులు చాలా బాగుండేవి. పొద్దున్న కోడలు స్కూటీ మీద వెళ్ళాక, పాపను ఎత్తుకుని వరండాలో నిలబడేవాణ్ణి. గానుగ కాలం. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు చెరకు ట్రాక్టర్లు బారులు తీరి పోయేవి. పాప రెండు పిడికిళ్ళూ బిగించి స్టీరింగు తిప్పినట్టు తిప్పేది. ఆ సైగ దానికి ఎవరూ నేర్పలేదు, తనే కల్పించుకుంది. క్యాలెండరు కాగితం మీద ఏడో మాటగా నా దస్తూరీతో ‘చెరకు బండి’ అని రాశాను. ఒక మధ్యాహ్నం ఏడుస్తూ చూపుడు వేళ్ళు రెండూ చెవి దగ్గర పెట్టి పొడిచింది. చెవి వెనక ఎర్రచీమ కనిపించింది. మాటలు రాని పిల్ల ఎక్కడ నొప్పో నాకు చెప్పింది! చీమను తీసేసి, ఆ సంగతి సాయంత్రం కోడలికి రెండుసార్లు చెప్పాను.

అయితే ఆరు మాటల్లో ఒకటి నేను చెయ్యలేదు. ‘ఇంకా’ అన్నది.

పైకి చెప్పిన కారణం ఎంగిలి. తింటున్న కుడిచేతిని ఎడమచేతికి తాకించడమేమిటని అన్నాను. “సంటిదానికి ఎంగిలేటి బాబూ” అని ముసలమ్మ కొట్టిపారేసింది. అసలు కారణం వేరు. అన్నీ నేర్పవచ్చు గానీ, మారు అడగడం మా ఇంటి పిల్లకి నా చేతులతో నేర్పడానికి మనసొప్పలేదు. పైగా నాకు నా పద్ధతి ఉంది. నేనే ముందు అడిగితే పాప అడగవలసిన పని ఏముంది? గిన్నెలో పెట్టిన పప్పన్నం అయిపోగానే, “ఇంకొంచెం పెట్టనా తల్లీ?” అనేవాణ్ణి. ఆ వయసు పిల్లలు ఏమడిగినా తల అడ్డంగా ఊపుతారు. పాప ఊపేది. చాలన్నదనుకుని మూతి తుడిచేవాణ్ణి. అప్పుడు టకటకా వేళ్ళు తాకించేది. ఒకసారి చాలన్నాక మళ్ళీ అడగడం మర్యాద కాదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాణ్ణి. చేతులు దించాక, కాసేపు ఆగి, అరటిపండు ముక్కలు రెండు పెట్టేవాణ్ణి.

మూడో వారానికి పాప నా దగ్గర వేళ్ళు తాకించడం మానేసింది. ఎంత బుద్ధిమంతురాలు, మా వంశపు పిల్ల అనుకున్నాను.

నెలాఖరున అంగన్‌వాడీలో తూకం వేశారు. ముల్లు పోయిన నెల ఎక్కడుందో అక్కడే ఉంది. కోడలు కార్డు తెచ్చి బల్ల మీద పెట్టింది.

మర్నాడు ఆదివారం. కంద బచ్చలి కూర, ముద్దపప్పు. పాపకి కోడలు తినిపించడం మొదలుపెట్టింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి పాప వేళ్ళు తాకించింది. పెట్టింది. మళ్ళీ తాకించింది. మళ్ళీ పెట్టింది. ఇంతలో ఫోను మోగితే గిన్నె నా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. నేను పెట్టింది పాప తినేసి, ఖాళీ గిన్నె వంక చూసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. నడుం నిటారుగా పెట్టుకుని, నా ముఖం కేసి చూడకుండా, అలాగే కూర్చుంది.

కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. “మామయ్యగారూ, మీ దగ్గర పాప అడగదేటి?”

నేను జవాబు చెప్పేలోగా పెరటి గుమ్మం నుంచి ముసలమ్మ అందుకుంది. “ఎందుకడగదమ్మా? అడిగీది. ఈ బాబే సూడనట్టు కూకునీవోరు. ఆళ్ళ నాయినా అంతే, ఆళ్ళ తాతా అంతే. ఆకలని అంటే ఆళ్ళ నోట్లో ముత్తేలు రాలిపోతాయి.”

“నువ్వు ఊరుకో,” అన్నాను.

“ఊరుకునే ఉన్నాను గదా ఇన్నాళ్ళూ. గుంట సిక్కిపోయింది.”

కోడలు నా చేతిలోంచి గిన్నె తీసుకుంది. కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా బాగుండేది. “మీ తప్పనడం లేదు మామయ్యగారూ. మీకు అలవాటు లేని పని. మా అమ్మకి ఫోను చేస్తాను. రేపు పొద్దున్న దింపేసి వస్తాను” అంది.

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. వరండాలోకి వెళ్ళాను. చెరకు ట్రాక్టరు ఒకటి పోతోంది. వెనక గదిలో పాప స్టీరింగు తిప్పుతూనే ఉండి ఉంటుంది. సగం కడుపుతో లేవడం నాకు తెలుసు. పదేళ్ళ వయసులో ఒక పెళ్ళిలో గుమ్మడికాయ పులుసు మారు అడగలేక ఎలా కూర్చున్నానో ఇప్పటికీ గుర్తుంది. అదే నడుం, అవే చేతులు, ఒళ్ళో. దాన్ని నేను పదకొండు నెలల పిల్లకి మూడు వారాల్లో నేర్పేశాను.

పిల్లను ఉంచమని అడగాలి. ఆ వాక్యం ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. లోపలికి వచ్చాను. కోడలి చేతిలో ఫోను ఉంది.

“అమ్మా,” అన్నాను. రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళ కొసలు ముడిచి, ఒకదానికొకటి తాకించాను. రెండుసార్లు. చాలదేమోనని మూడోసారి కూడా.

కోడలు చూసింది. “ఏటి కావాలి మామయ్యగారూ?”

“ఇంకో వారం,” అన్నాను.

ముసలమ్మ పెరట్లో గిన్నె చప్పుడు ఆపేసింది. కోడలు ఫోను బల్ల మీద పెట్టింది. ముఖం ఇంకా గంభీరంగానే ఉంది గాని, గొంతు మారింది. “సైగ చేసిన వెంటనే ఇవ్వాలని మా టీచరు చెప్పింది. నేనే ఇవ్వకపోతే ఎలాగ? వారం. మళ్ళీ తూకం.”

సోమవారం పాప అడగలేదు. మంగళవారం కూడా అడగలేదు. నేను గిన్నె ఎదురుగా కూర్చుని, ప్రతి ముద్దకీ ముందు నా వేళ్ళు తాకించి, “ఇంకా” అని, నేనే పెట్టేవాణ్ణి. తాత ఇలా అడగడం చూసి పాప ఆశ్చర్యపోయి నోరు తెరిచేది. బుధవారం నా వేళ్ళు పట్టుకుని చూసింది. గురువారం మధ్యాహ్నం పప్పన్నం అయిపోయాక, తల వంచుకుని, ఒళ్ళోనే, ఎవరికీ కనిపించకూడదన్నట్టు వేళ్ళు ఒకసారి తాకించింది. ఎంత తొందరగా పెట్టబోయానంటే గిన్నె తిరగబడి అన్నమంతా నా పంచె మీద పడింది. ముసలమ్మ పడీ పడీ నవ్వింది. “నెమ్మదండి బాబూ, గుంట ఎక్కడికీ పోదు!”

పోలేదు. ఆ తూకంలో ముల్లు కదిలింది, ఆ తరవాతి నెల బాగా కదిలింది. దేవరాపల్లి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు పాపకి రెండేళ్ళు దాటాయి. మాటలు రావని భయపడ్డాను. వచ్చాయి, ఆగడం లేదు. సైగలు ఒక్కొక్కటే వదిలేసింది. నోటి నిండా అన్నం ఉన్నప్పుడు మాత్రం ఇంకా వేళ్ళే. నేనూ అంతే. నోటితో అడగడం నాకు ఈ వయసులో రాదు. నిన్న కంద బచ్చలి చేసింది కోడలు. నా కంచంలో కూర అయిపోయింది. వేళ్ళు రెండుసార్లు తాకించాను, ఎడమచెయ్యి ఎంగిలైంది. గరిటె వచ్చింది.