రెండో గోల్‌కీపర్ విల్మార్

రెండో గోల్‌కీపర్ ఉద్యోగం పగవాడిక్కూడా వద్దు. ముందువరసలో ఆడేవాడు బెంచీ మీద కూర్చున్నా, చివరి పావుగంటకైనా ఆటలోకి దింపుతారు. గోల్‌కీపర్‌ని అలా దింపరు. మొదటివాడు దెబ్బ తిని పడాలి, లేదా రెఫరీ వాణ్ణి బయటికి గెంటాలి. అంటే నీకు మంచి జరగాలంటే నీ పక్కవాడికి చెడు జరగాలి. విల్మార్ టెచేరా అలా నాలుగు సీజన్లు కూర్చున్నాడు. మా పంతనోసో ఫుట్‌బాల్ క్లబ్బులో బట్టలూ బూట్లూ చూసుకునేది నేనే కాబట్టి వాణ్ణి దగ్గర్నుంచి చూశాను.

వాడు మాంసం ఫ్యాక్టరీ వెనక సందులో పుట్టినవాడు. ఫస్ట్ డివిజన్ ఆటగాడై ఉండీ ప్రాక్టీసుకి బస్సులోనే వచ్చేవాడు. "ఏం కీపరూ, ఈ వారమైనా ఆడిస్తున్నారా, లేక టికెట్ కొనుక్కుని చూడమన్నారా?" అని డ్రైవర్లు ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు. అలాగని మెత్తటివాడనుకుంటే పొరపాటే. అందరూ ఇళ్ళకెళ్ళాక గోడకేసి బంతి కొట్టుకుంటూ, పట్టుకుంటూ చీకటి పడేదాకా ఉండేవాడు. "దేశం జట్టుకి ఆడతాను పిన్నీ" అన్నాడోసారి, మేమంతా ఒకే గిన్నెలోంచి పంచుకు తాగే ఆకు టీ, మాతే, నా గిన్నెలోంచి పీలుస్తూ. "ముందు మన జట్టుకి ఆడు నాయనా" అన్నాను. నా నోరు అలాంటిది.

వాడికి అడ్డంగా ఉన్నవాడు ఎల్బియో. మా పేటంతటికీ ఎల్బియో అంటే ప్రాణం. దెబ్బ తగలకుండా నేల మీద ఎలా పడాలో విల్మార్‌కి నేర్పింది కూడా ఆయనే. ఆ సీజన్ ఆఖరి ఆదివారం ఆట అయ్యాక రిటైరవుతానని చెప్పేశాడు. మాకు ఆ ఆట డ్రా అయితే చాలు, ఫస్ట్ డివిజన్‌లో ఉండిపోతాం. ఓడితే కిందికి పోతాం. కిందికి పోతే జీతాలు సగమవుతాయి, సగం మంది ఇంటికెళ్ళాలి. ఆ సగంలో మొదటి పేరు నాదే.

ఆ రోజు పొద్దుటి నుంచీ వాన వదల్లేదు. ఆటకి ముందు కీపర్లిద్దరూ గ్రౌండ్లోకి వెళ్ళారు. రెండోవాడు బంతులు కొడతాడు, మొదటివాడు పట్టుకుంటూ చేతులు వేడెక్కించుకుంటాడు. కాసేపటికి విల్మార్ ఒక్కడే తిరిగొచ్చి, నా సామాన్ల గదిలో దూరి తలుపేశాడు. 

"పిన్నీ, ఎల్బియో అన్న కుడిచెయ్యి వేలు విరిగింది."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఒకరు చెప్పాలా? గుండె మీదకి మెల్లగా కొట్టిన బంతిని కూడా పట్టుకోకుండా పిడికిలితో గుద్దేస్తున్నాడు. దగ్గరికెళ్ళి అడిగాను. గురువారం ప్రాక్టీసులో విరిగిందట, టేపు చుట్టేసుకున్నాడు. 'ఇది నా ఆఖరాట, నోరు మూసుకో' అన్నాడు."

"వెళ్ళి కోచ్ మాస్టారికి చెప్పు మరి!"

"ఎలా చెప్పను?"

మా వాళ్ళకో కట్టుబాటుంది. ఒక ఆటగాడి సంగతి ఇంకో ఆటగాడు కోచ్ దగ్గరికి మోయకూడదు. మోసినవాడితో ఆ తర్వాత ఎవరూ మాతే పంచుకోరు, బంతి కూడా మనసారా ఇవ్వరు.

"ఈ మాట ఇంకెవడు చెప్పినా జట్టు కోసం చెప్పాడంటారు" అన్నాడు విల్మార్. "నేను చెబితే నా కోసం చెప్పుకున్నానంటారు."

"చెప్పకపోతే?"

"ఓడిపోతాం. అవతలివాళ్ళు మొదటి కార్నర్ కిక్‌కే పసిగట్టేస్తారు."

నాకు ఒళ్ళు మండింది. ఎల్బియో మీద, వీడి మీద, ఈ మగాళ్ళ కట్టుబాట్ల మీద. "నువ్వు చెప్పకు, నేనే చెప్తాను" అని లేచాను. చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వు చెబితే నేనే పంపానంటారు. స్వార్థపరుడినీ అవుతాను, పిరికివాణ్ణీ అవుతాను."

బయట డప్పులు మోగుతున్నాయి. స్టాండ్ మొత్తం ఎల్బియో పేరు పాడుతోంది. విల్మార్ ఒక్కసారిగా తలుపు తీసుకుని డ్రెస్సింగ్ రూమ్‌కేసి నడిచాడు. నేను వెనకాలే పరిగెత్తాను.

లోపల జట్టంతా ఉంది. కోచ్ సారావియా బోర్డు మీద ఏవో గీతలు గీస్తున్నాడు. విల్మార్ ఆయన్ని పక్కకి పిలవలేదు. అందరి ముందే అనేశాడు.

"మాస్టారూ, ఎల్బియో అన్న కుడిచెయ్యి వేలు విరిగింది. ఆయన ఆడకూడదు."

 ఎల్బియో తలెత్తి వాణ్ణి చూసి నవ్వాడు. ఆ నవ్వుకి నాకు భయమేసింది.

"వచ్చిందిరా నీ రోజు! నాలుగేళ్ళు కాచుక్కూర్చున్నావు. పాముకి పాలు పోసి పెంచానన్నమాట."

"కాచుక్కూర్చున్నమాట నిజమే అన్నా." విల్మార్ కోచ్ వైపు తిరిగాడు. "అందుకే, మాస్టారూ, నన్ను దింపొద్దు. మూడో కీపర్ గొన్సాలోని దింపండి. నేను బెంచీ మీదే ఉంటాను."

 ఎంత మనసురా నీది అనుకున్నాను. సారావియా అలా అనుకోలేదు. ముందు ఎల్బియో దగ్గరికెళ్ళి గ్లవ్ మీంచే ఆ వేలు నొక్కాడు. ఎల్బియో అరవలేదు గానీ ముందుకి ఒరిగిపోయాడు. అప్పుడు సారావియా విల్మార్ వైపు తిరిగాడు.

"నువ్వు మేలా, గొన్సాలో మేలా?"

"నేనే."

"మరి వాణ్ణి దింపమంటావేం? నిన్నెవడూ వేలెత్తి చూపకూడదు, అంతేగా? బయట జనం వానలో నిలబడ్డారు. ఓడితే ఈవిడకి రేపు పనుండదు." నన్ను చూపించాడు. "నీకేమో నీ పేరుకి మచ్చ పడకూడదు! ఎంత గొప్పవాడివిరా! వెళ్ళు, చెడ్డపేరు తెచ్చుకునే ఆడు."

సారావియా నాకెప్పుడూ నచ్చలేదు. ఆ పూట మాత్రం ఆయన చెప్పినట్టే విల్మార్ గ్లవ్స్ తెచ్చి వాడి చేతికిచ్చాను.

సంగతి మాకంటే ముందే స్టాండ్‌కి చేరిపోయింది. విల్మార్ గోల్ దగ్గరికి నడుస్తుంటే ఈలలేశారు. "ద్రోహీ" అని అరిచినవాళ్ళలో వాళ్ళ సందువాళ్ళూ ఉన్నారు. మొదటి కార్నర్‌కే బంతి వాడి చేతుల్లోంచి జారింది. మావాడొకడు గోల్ గీత మీంచి తన్నేశాడు కాబట్టి బతికాం. స్టాండంతా మళ్ళీ ఎల్బియో పేరు ఎత్తుకుంది. నేను కోటు కాలరు కొరుక్కుంటూ నిలబడ్డాను. విల్మార్ లేచి గ్లవ్స్ నిక్కరుకి తుడుచుకుని, డిఫెండర్లని పేరుపేరునా తిట్టి ఎక్కడ నిలబడాలో చెప్పాడు. వాడు తిట్టగా వినడం అదే మొదటిసారి. ఆ తర్వాత జారలేదు.

ఇటూ గోల్ లేదు, అటూ లేదు. ఆఖర్లో మా డిఫెండర్ బురదలో జారిపడ్డాడు. అవతలి కుర్రాడు ఒంటరిగా వచ్చేశాడు. విల్మార్ వాడి కాళ్ళ మీదకి దూకాడు. బూటు పక్కటెముకల్లో దిగింది. బంతి కనపడలేదు, ఇద్దరూ కదల్లేదు. రెఫరీ వంగి చూశాడు. బంతి విల్మార్ పొట్ట కింద ఉంది. ఆట అయిపోయిందని ఈల మోగింది.

జనం గ్రౌండ్లోకి దూకి ఎల్బియోని భుజాలకెత్తుకున్నారు. విల్మార్ భుజం మీద ఒక్క చెయ్యీ పడలేదు. వెతుక్కుంటూ వెళితే డ్రెస్సింగ్ రూమ్‌లో మూలన కూర్చుని ఉన్నాడు.

"గట్టెక్కాంగా, ఇంకా ఆ మొహమేంట్రా?"

"వేలు విరిగిందని తెలియగానే ముందు నాకేమనిపించిందో తెలుసా పిన్నీ? సంతోషమేసింది. అమ్మయ్య అనుకున్నాను. ఆయన నాకు తండ్రిలాంటివాడు! జాలీ, భయం అన్నీ ఆ తర్వాతే వచ్చాయి. ఆ సంతోషాన్ని ఏం చేసుకోను?"

 తల తిప్పి చూస్తే గుమ్మంలో ఎల్బియో. ఎంతసేపట్నుంచి ఉన్నాడో తెలియదు. కొడతాడేమోనని అడ్డం వెళ్ళబోయాను. నన్ను తప్పించుకుని వాడి పక్కన కూర్చున్నాడు.

"నాకు ముందు ఇక్కడ కీపర్ రుఫినో" అన్నాడు, ఎదురుగోడని చూస్తూ. "ఆయన మోకాలు పోయి నేల మీద పడి అరుస్తుంటే, నేను టాయిలెట్లో తలుపేసుకుని గంతులేశాన్రా. తర్వాత బయటికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆ ఏడుపూ అబద్ధం కాదు. ఆయన చనిపోయేదాకా వాళ్ళింటికి వెళ్తూనే ఉన్నాను, ఆ గంతుల సంగతి ఒక్కసారీ చెప్పలేకపోయాను."

టేపు చుట్టిన వేలుకేసి చూసుకుని మళ్ళీ అన్నాడు.

"నీ మీద కోపం ఇంకా పోలేదు. పోవడానికి టైం పడుతుంది. పట్టనీ."

విల్మార్ అప్పుడు ఏడ్చాడు. ఎల్బియో బాగున్న చేత్తో వాడి మెడ పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.