మండని పుండు

మా అమ్మ మొండిది. ఈ మాట అనడానికి నాకేం భయం లేదు, నేనూ ఆవిడ కూతుర్నేగా. బందరు హార్బరులో పొద్దున్నే వేలంపాటలో చేపలు కొని, గంప బస్సెక్కించి, గుడివాడలో వీధి వీధీ తిరిగి అమ్మేది. నాన్న లేడు. గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీలో నా చదువు ఆ గంప మీదే నడిచేది.

ఆ ఏడు ఆవిడ అరికాల్లో జెల్ల చేప ముల్లు దిగింది. మా పల్లెలో దెబ్బ తగిలితే ఎవరూ ఆసుపత్రికి వెళ్ళరు, సముద్రంలో దిగి నిలబడతారు. ఉప్పునీళ్ళకు మానని పుండు లేదని మావాళ్ళ నమ్మకం. అమ్మా రోజూ అదే చేసింది. పుండు మాత్రం పెద్దదవుతూ వచ్చింది. పెద్దాసుపత్రికి పోదామంటే ఆరోగ్య కార్డు లేదు. ఐసూ, ఉప్పూ, పొలుసూ కలిసి వేళ్ళ గీతలు అరగదీశాయి, కార్డు కోసం మిషను మీద ఎంత నొక్కినా ఆవిడ వేలిముద్ర పడలేదు. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే బెంచీ మీద పక్కవాళ్ళు ముక్కు మూసుకుని జరిగారట. "నా డబ్బులిచ్చి నేనే మాట పడాలా?" అని తిరిగొచ్చేసింది.

గుడివాడలో చర్చి పక్క గదిలో ఒక డాక్టరమ్మగారు కూర్చునేవారు. దివిసీమలో పుట్టి, ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఏ బీమా లేని కూలీనాలీ జనం కోసమే ఆ గది. ఉన్నవాళ్ళు తోచింది పెట్టెలో వేస్తారు, లేనివాళ్ళను ఎవరూ అడగరు. బేరాలయ్యి గంపలు కడుక్కునే మధ్యాహ్నం వేళకే ఆవిడ తలుపు తీసేవారు. మా బతుకు ఆవిడకు తెలుసని ఆ వేళ చూస్తేనే అర్థమైంది.

"చర్చికి లాక్కెళ్తన్నావు, మోపిదేవి సామికి కోపమొస్తదేమోనే," అంది అమ్మ దారిలో.

"సామికి నీ కాలి మీద పంతమేమీ లేదులే, నడు," అన్నాను.

డాక్టరమ్మగారు పుండు కడుగుతూ, "ఉప్పునీళ్ళు తగిలితే మండదా అమ్మా?" అని అడిగారు.

"మొదట్లో మండేదండీ. ఇప్పుడసలు మండట్లేదు. లోపల మానుతున్నట్టే గదండీ!" అంది అమ్మ గొప్పగా.

డాక్టరమ్మగారి మొహం మారిపోయింది. అమ్మను కళ్ళు మూసుకోమని, సన్నటి సూదితో అరికాలంతా గుచ్చి చూశారు. కాసేపటికి అమ్మ విసుక్కుంది.

"ఎప్పుడు గుచ్చుతారండీ? బస్సెళ్ళిపోద్ది."

"గుచ్చానమ్మా," అన్నారావిడ.

షుగరు ఎప్పట్నుంచో ఉందట, కాలికి స్పర్శ పోయిందట. ఇలాగే తిరిగితే కాలు తీసెయ్యాల్సి వస్తుందని, పుండు మానేదాకా ఆ కాలు నేల మీద మోపొద్దని చెప్పారు.

"మరి నాలుగువేళ్ళు నోట్లోకెట్టా వెళ్తాయండీ?" అంది అమ్మ.

ఇంకొకరైతే మందులు రాసిచ్చి పంపేసేవారు. ఈవిడ మర్నాడు గుడివాడ చేపల మార్కెట్టుకే వచ్చేశారు! అమ్మతోటి చేపలమ్మేవాళ్ళందరినీ పోగేసి, "గంపలు మీరు తిప్పండి. ఈవిడ కాలు పీట మీద పెట్టుకుని చేపలు కోసిస్తుంది, కూలి మీరిచ్చుకోండి," అన్నారు. ఒక్కరూ కాదనలేదు. నర్సు రోజూ అక్కడికే వచ్చి కట్టు మార్చేది, మందులు ఆ గది నుంచే వచ్చేవి. ఆ తల్లి చల్లగా ఉండాలని ఇప్పటికీ కంచం ముందు కూర్చున్నప్పుడల్లా అనుకుంటాను.

మానడానికి నెలలు పట్టింది. ఆఖరి కట్టు విప్పిన రోజు డాక్టరమ్మగారు కొత్త చెప్పులు తెచ్చి అమ్మ ముందు పెట్టారు.

"ఇక కాలికి ఢోకా లేదు. చెప్పుల్లేకుండా కనపడ్డావో, ఈసారి నేనే విరగ్గొడతాను!"

అమ్మ నవ్వుతుందనుకున్నాను. డాక్టరమ్మగారి చేతులు పట్టుకుని భోరుమంది. అన్ని నెలల్లో ఒక్కసారి కూడా కంటతడి పెట్టని మనిషి.

"ఏంటమ్మా, కాలు దక్కింది గదా?" అన్నాను.

"కాలుదేముందే, పోతే పోయేది. నా గంప నీ నెత్తికెక్కుద్దేమోనని రోజూ చచ్చి బతికానే," అంది.