తితిక్షలో మిగిలిన సగం

రావలసిన రోజున ఈ బస్సు ఎప్పుడు వచ్చింది గనక! మా అయ్యవారు పోయారని ఆయన సొంతూరు యాడికి నుంచి మొన్న పొద్దున్నే కబురొచ్చింది. బస్సు మాత్రం రాలేదు. నేనూ, నాతో చదివిన జతగాడూ చివరిచూపుకి నడిచే బయల్దేరాం, బస్సునీ ఎండనీ తిట్టుకుంటూ.

మా ఊరి బళ్లో ఆయన ఐదో తరగతి దాకా చెప్పేవారు. బడి వదిలిపోయే ప్రతి పిల్లవాడి చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టి, చెవిలో ఒక పెద్ద మాట వేసేవారు. అర్థం చెప్పేవారు కాదు.

"నిఘంటువు చూస్తే మర్చిపోతావు. బతికి తెలుసుకో. తెలిసినాక వచ్చి చెప్పు."

నాకు పడిన మాట ‘తితిక్ష’. బెల్లం ఆ పూటే అయిపోయింది.

తర్వాతి కరువులో గంజి తాగి బతికాం. ఆ వేసవిలో పోయి, "తెలిసింది అయ్యవారూ! కష్టం ఓర్చుకోవడం" అన్నాను.

"ఎట్ల ఓర్చుకుంటివిరా?"

"ఎట్లనా! వాన లేదు, గంజిలోకి ఉప్పు లేదు, మా నాయన చూస్తే..." అని ఏకరువు పెట్టాను. ఆయన అంతా విని నవ్వారు.

"సగం తెచ్చినావు. తక్కిన సగం యాడ?"

పెళ్లయ్యాక మళ్లీ పోయాను.

"ఇప్పుడన్నా తెలిసిందేమప్పా?"

"బాగా తెలిసింది అయ్యవారూ. మీ కోడలు ఉండాదే..."

"సగమే" అన్నారు, నన్ను ముగించనీయకుండా.

ఎప్పటికైనా ఆ తక్కిన సగం ఆయనకు అప్పజెప్పాలని నా ఆశ.

మొన్న ఆ నడకలో సగం దారిలోనే కాళ్లు మాడాయి.

"ఏమి ఎండలప్పా!" అన్నాడు జతగాడు.

"అయ్యవారు దినామూ ఈ దారినే కదరా వస్తాండె" అన్నాను.

ఇద్దరం నిలబడిపోయాం. తలమీద తడి తువ్వాలుతో యాడికి నుంచి నడిచొచ్చి, చెంబెడు నీళ్లు తాగి, తువ్వాలు కిటికీకి ఆరేసి, "ఆ, నిన్న యాడ నిలిపినాం?" అనేవారు.

"ఎండ అనే మాట ఆయన నోట ఎన్నడన్నా వింటివా?"

"లేదురా" అన్నాడు వాడు మెల్లగా.

ఓర్చుకోవడం సగం. ఓర్చుకుంటున్నానని ఊరంతా చాటకపోవడం తక్కిన సగం. ఆయన ఇల్లు చేరి, పాదాల దగ్గర నిలబడి, మనసులోనే అప్పజెప్పాను. మొదటిసారి ఆయన "సగమే" అనలేదు. ఆ ఇంటి కిటికీకి తువ్వాలు వేలాడుతోంది, తడారిపోయి.

ఆ రోజు నుంచి గొణుగుడు మానేశాను. బస్సు సంగతి వేరు. ఇదిగో, మిద్దె మీద నుంచి మా ఆవిడ పిలుస్తోంది:

"ఏమయ్యా, ఈ మంటలో ఆరబోసిన చెనిక్కాయలు నేనొక్కదాన్నే ఎత్తల్లా?"

"వస్తాండా! అబ్బ, ఈ ఎండ..."