కృపమ్మ దాచుకున్న భాష

బహ్రెయిన్‌లో, హూరా పేటలో శుక్రవారం ఆరాధనకు వచ్చే మా తెలుగువాళ్లలో కృపమ్మ తెలుగే అందరికంటే స్పష్టంగా ఉండేది. బైబిల్ వాక్యం చదవమంటే ఒక్క అక్షరం తడబడేది కాదు. ఆమె కోయ మనిషని మూడేళ్లపాటు మాలో ఎవరికీ తెలియదు. ఊరు అడిగితే "భద్రాచలం వైపు" అనేది, అంతే.

ఆమెది చింతూరు దగ్గర అడవిపల్లె. ఏడేళ్లప్పుడు హాస్టల్లో అన్నాల దగ్గర కోయలో కూర అడిగిందని పిల్లలంతా నవ్వారు. వార్డెన్ ఆమెను లాగి వరుస చివర నిలబెట్టాడు. ఆ తర్వాత అక్కడ ఇంటి మాట నోట రానివ్వలేదు. పెళ్లయ్యాక భర్త షాలేము జ్వరంతో పోయాడు. కూతురు మెర్సీని హాస్టల్లో చేర్చి 2004లో బహ్రెయిన్ వచ్చింది. వచ్చేముందు కూతురికి మరీ మరీ చెప్పింది: "అక్కడ మన మాట మాట్లాడకు. నవ్వుతారు."

అమ్వాజ్ దీవుల్లో ఆమె పనిచేసేది ఒక నార్వే ఇంజనీరు ఇంట్లో. ఆయన భార్య ఐలె సామీ మనిషి. సామీలంటే నార్వే ఉత్తరాన మంచు నేలల్లో తరతరాలుగా ఉంటున్న ఆదివాసులు. చాలామంది రెయిన్‌డీర్ జింకలను మేపుకుంటారు. 2007 జనవరిలో ఐలె తల్లి వచ్చింది. ఆమె తెచ్చిన ఎండు మాంసాన్ని పలచగా కోసి కృపమ్మ చేతిలో పెట్టింది. నమలగానే తన తల్లి పొయ్యి మీద వేలాడదీసే మాంసం తునకలు గుర్తొచ్చి, కృపమ్మ తెలియకుండానే కోయలో ఏదో అంది.

"అది తెలుగా?" అని ఐలె అడిగింది.

"కాదు మేడమ్. మా ఇంటి భాష."

"మరి ఫోన్లో నీ కూతురితో మాట్లాడేది?"

"అది తెలుగు. ఇది మాట్లాడితే చిన్నచూపు చూస్తారు మేడమ్."

ఐలె ఆ మాట తల్లికి చెప్పింది. పెద్దామె కత్తి కింద పెట్టి చాలాసేపు మాట్లాడింది. బడిలో సామీ మాట్లాడితే పంతులు కొట్టేవాడట. తన బిడ్డకు ఆ బాధ వద్దని ఐలెతో ఎప్పుడూ నార్వే భాషే మాట్లాడిందట.

"ఇప్పుడు నలభై రెండేళ్లకి పుస్తకం పెట్టుకుని సామీ నేర్చుకుంటున్నాను," అంది ఐలె. "అమ్మ తన చెల్లెలితో గలగలా మాట్లాడుతుంది. నాతో మాత్రం పసిపిల్లతో మాట్లాడినట్టు."

ఆ శుక్రవారం కృపమ్మ మెర్సీకి ఫోన్ చేసి కోయలోనే మాట్లాడింది.

"అమ్మా, తెలుగులో మాట్లాడవే. పిల్లలు వింటున్నారు," అంది కూతురు.

"విననీ."

"నువ్వేగా మాట్లాడొద్దన్నావ్?"

"అన్నాను. తప్పు చెప్పాను."

మెర్సీ ఫోన్ పెట్టేసింది. అయినా కృపమ్మ వారం వారం కోయలోనే పలకరించేది. కూతురు తెలుగులో జవాబిచ్చేది. నెలలు గడిచినా అదే తంతు.

ఆ ఏడాది క్రిస్మస్‌కి ప్రార్థన చేయమని మా ఆరాధన నడిపే టిమోతి బ్రదర్ అడిగితే కృపమ్మ లేచి కోయలో చేసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ఆపలేదు.

బయటికొచ్చాక నేనే అడిగాను. "అదేం భాష అక్కా?"

"మాది. కోయ."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు నవ్వుతావని."

నవ్వేవాడినేమో, చెప్పలేను.

మరుసటి వేసవిలో ఆమె సెలవు మీద ఊరికెళ్లింది. హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన పదమూడేళ్ల మెర్సీ ఇప్పుడు అమ్మమ్మతో సగం తెలుగు కలిపి కోయ మాట్లాడుతోందట. ముసలామె విసుక్కుంటూనే ప్రతి మాటా సరిచేస్తోందట. తిరిగొచ్చాక కృపమ్మ ఇదంతా చెప్పి, చాయ్ తాగి, అమ్వాజ్ బస్సు ఎక్కింది.